కంప్యూటరు ఏ బల్ల మీద ఉంది?

కర్నూలు పాతబస్తీలో, హంద్రీ ఒడ్డుకు దగ్గరగా ఉండిన ఒక చిన్న క్లినిక్కులో మా నాన్న 31 సంవత్సరాలు కంపౌండరుగా పనిచేశారు. డాక్టరుగారి బల్లకు ఎడమ పక్కన, గోడకు ఆనించి, టేకుతో చేయించిన సొరుగుల బీరువా ఒకటి ఉండేది. సొరుగుల మీద కోడుమూరు, గూడూరు, కల్లూరు, ఓర్వకల్లు, నందికొట్కూరు అని ఊర్ల పేర్లు తెల్ల రంగుతో రాసి ఉండేవి. ఒక్కొక్క సొరుగులో ఇంటిపేర్ల వరుసన అట్టకార్డులు, ఒక కుటుంబం కార్డులన్నింటికీ కలిపి ఒక రబ్బరు బ్యాండు. రోగి గడప దాటగానే నాన్న పేరు అడిగేవారు కాదు, "ఏ ఊరు? ఎవరింటోళ్లు?" అని అడిగేవారు. ఆ మనిషి చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చునేలోగా ఆ కుటుంబం కట్ట డాక్టరుగారి ముందుకు చేరేది.

ఆ కార్డుల్లో ఒకటి, మా నాయనమ్మది, ఇప్పటికీ నా దగ్గర ఉంది. పైన ఎడమ మూలన, నాన్న చేతిరాతలో, తెలుగులో "అరికాళ్ల మంటలు, రాత్రిపూట ఎక్కువ" అని ఉంటుంది. దాని కింద డాక్టరుగారు ఇంగ్లీషులో రాసిన రెండు పొట్టి పంక్తులు, షుగరు అంకె, మాత్ర పేరు. కుడి అంచున ఎర్ర సిరాతో నిలువుగా "సల్ఫా పడదు" అని రాసి రెండు గీతలు కొట్టి ఉంటుంది. కార్డు వెనక్కు తిప్పితే ఆమె సంతానంలో ఎవరెవరికి షుగరు వచ్చిందో, ఏ సంవత్సరంలో వచ్చిందో వరుసగా కనిపిస్తుంది. అంచులు గోధుమరంగుకు తిరిగి, మధ్యలో సిరా కొంత అలుక్కుపోయి ఉంటుంది. అది నీళ్లలో నానిన కార్డు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచినప్పుడు ఆ క్లినిక్కు కూడా మునిగింది. నీళ్లు తీశాక నాన్నా నేనూ సొరుగులు ఊడదీసి, బురద కడిగి, కార్డులను మా మిద్దె మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క గులకరాయి పెట్టాం. వేల కార్డుల్లో చదవడానికి వీలుగా మిగిలినవి రెండు వందలు కూడా లేవు. ఆ తరువాతి వారం నుండి డాక్టరుగారు వచ్చిన ప్రతి మనిషినీ "నీకు ఏ మందు పడదో గుర్తుందా?" అని అడగవలసి వచ్చింది. చాలామందికి గుర్తు లేదు. అది గుర్తుపెట్టుకోవడం ఇన్నేళ్లూ డాక్టరుగారి పని కదా, తమ పని కాదు కదా అని వాళ్లు అనుకున్నారు, అందులో తప్పేమీ లేదు. మరో రెండేళ్లకు ఆయన క్లినిక్కు మూసివేశారు.

ఆ మిద్దె మీద గడిపిన మూడు రోజులే నన్ను ఈ పనిలోకి తెచ్చాయి. కర్నూలు, నంద్యాల, ఆదోని, అనంతపురం ఊర్లలోని చిన్న క్లినిక్కులకు సాఫ్ట్‌వేరు రాసిపెట్టడం ఇప్పుడు నా జీవనం. ఈ పనిలో భాగంగా ఇతర దేశాల్లో కుటుంబ వైద్యులు కంప్యూటరును ఎలా వాడుకుంటున్నారో, ఆ అలవాటు వాళ్లకు ఎలా వచ్చిందో చదువుతూ వచ్చాను. ఎంత చదివినా నా మనసులో మిగిలే ప్రశ్న ఒకటే: కంప్యూటరు ఏ బల్ల మీద ఉంది? మన ఊర్లలో అది బయట కౌంటరు మీద ఉంటుంది. పేరు, వయసు, ఫోను నంబరు, ఫీజు, టోకెను నంబరు, అంతటితో దాని పని ముగుస్తుంది. లోపల డాక్టరు బల్ల మీద లెటరుప్యాడు, పెన్ను ఉంటాయి. ఆ కాగితం మీద రాసినదంతా రోగితో పాటు ప్లాస్టిక్ కవరులో ఇంటికి వెళ్లిపోతుంది. సాయంత్రం తలుపులు మూసేసరికి క్లినిక్కు దగ్గర మిగిలేది ఆ రోజు వచ్చిన రూపాయల లెక్క మాత్రమే. నా దగ్గరకు సాఫ్ట్‌వేరు కోసం వచ్చినవాళ్లలో పది మందికి తొమ్మిది మంది మొదట అడిగే మాట "బిల్లు వస్తుందా?" అనేదే. బిల్లు రావాలి, కాదనను. కానీ పోయిన నెల ఇదే మనిషికి ఏ మాత్ర ఇచ్చామో రాకపోతే అది వైద్యుడి కంప్యూటరు ఎలా అవుతుంది?

బ్రిటన్‌లో అది డాక్టరు బల్ల మీదకు చేరిన తీరు తెలుసుకోదగినది. అక్కడ 1911 నాటి జాతీయ బీమా చట్టంతో, బీమా ఉన్న ప్రతి రోగికీ ఒక కాగితపు కవరు ఏర్పడింది. ఆ చట్టాన్ని తెచ్చిన ఆర్థికమంత్రి పేరు మీద దాన్ని లాయిడ్ జార్జ్ కవరు అంటారు. ప్రతి మనిషీ ఒక డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుంటాడు, ఇల్లు మారి డాక్టరును మార్చుకుంటే ఆ కవరు కూడా అతని వెంట కొత్త డాక్టరుకు వెళ్లేది. కంప్యూటరు రావడానికి ఎంతో ముందే ఈ ఏర్పాటు ఉన్నది, అసలు బలం అక్కడే ఉంది. 1982లో ప్రభుత్వం కంప్యూటరు కొనే డాక్టర్లకు ఖర్చులో సగం భరించే పథకం పెట్టింది. 1987లో రెండు కంపెనీలు కంప్యూటర్లను ఉచితంగానే ఇస్తామని ముందుకు వచ్చాయి. బదులుగా డాక్టర్లు రోగుల పేర్లు తీసేసి, ఎవరికి ఏ జబ్బుకు ఏ మందు రాశారో ఆ సమాచారం ఇవ్వాలి. ఆ వ్యాపారం అనుకున్నంత లాభం తేలేదు గానీ, ఆ రెండింటిలో వ్యాంప్ అనే కంపెనీ పోగుచేయడం మొదలుపెట్టిన సమాచారమే పెరిగి పెరిగి నేడు సీపీఆర్‌డీ అనే పేరుతో ప్రపంచంలోని పెద్ద వైద్య పరిశోధనా సమాచార నిధుల్లో ఒకటిగా ఉంది.

ఆ దేశంలో నాకు నచ్చిన విషయం, ఈ ప్రోగ్రాములు కుటుంబ వైద్యుల చేతుల్లోనే పుట్టాయన్నది. యార్క్‌షైర్‌లో ఎగ్టన్ అనే చిన్న పల్లెలో ప్రాక్టీసు చేసే డాక్టర్లు తమ అవసరానికి రాసుకున్న ప్రోగ్రామే ఈమిస్ అనే పేరుతో దేశమంతా పాకింది. ఇంగ్లీషులో ఆ పేరులోని మొదటి అక్షరం ఆ పల్లె పేరును సూచించేదే. లఫ్‌బరోలో ప్రాక్టీసు చేసే జేమ్స్ రీడ్ అనే డాక్టరు జబ్బులకూ లక్షణాలకూ పొట్టి సంకేతాలు తయారుచేశాడు. అప్పట్లో షుగరు జబ్బుకు సీ10. ఒక డాక్టరు "మధుమేహం" అనీ మరొకరు "షుగరు" అనీ రాసినా కంప్యూటరు రెండింటినీ ఒకటిగా చదవగలగాలంటే ఇలాంటి సంకేతం తప్పదు. అది ఉన్నందువల్లనే అక్కడి డాక్టరు ఒక మీట నొక్కి, తన దగ్గర నమోదైన షుగరు రోగుల్లో ఏడాదిగా కళ్ల పరీక్ష చేయించుకోనివాళ్లు ఎవరో జాబితా తీయగలడు. మా నాన్న బీరువా ఎంత చక్కగా సర్దినా ఈ ఒక్క పని చేయలేకపోయేది. ఒక మనిషి వస్తే అతని కార్డు దొరికేది; రాని మనిషిని అది పిలవలేకపోయేది.

2004లో ఆ ప్రభుత్వం డాక్టర్ల ఆదాయంలో కొంత భాగాన్ని ఇటువంటి జాబితాలకు ముడిపెట్టింది. బీపీ రోగుల్లో ఇంతమందికి బీపీ అదుపులో ఉంటే ఇన్ని పాయింట్లు, పాయింట్లను బట్టి డబ్బు. దానితో పల్లెటూరి డాక్టరు కూడా అంకెలు శ్రద్ధగా నమోదు చేయసాగాడు. అదే సమయంలో రోగి తన కొడుకు పోయిన దుఃఖం చెప్పుకుంటూ ఉంటే తెర మీద "పొగతాగే అలవాటు నమోదు కాలేదు" అన్న గుర్తు మెరుస్తూ ఉండే స్థితి కూడా వచ్చింది. కంప్యూటరు ఏది అడిగితే డాక్టరు దానినే అడగడం మొదలుపెడతాడు. అందుకే అది ఏమి అడగాలో నిర్ణయించేవాళ్ల బాధ్యత చాలా పెద్దదని నేను నమ్ముతాను.

బ్రిటన్ గురించి మరొక విషయం కూడా చెప్పాలి, అది నా పనికి నేరుగా పాఠమైంది. మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊరిలో కుటుంబ వైద్యుడిగా ఉన్న హెరాల్డ్ షిప్‌మన్ తన రోగులనే చంపాడు. 15 హత్యలకు గాను 2000 జనవరిలో అతనికి శిక్ష పడింది. చంపిన తరువాత, ఆ రోగికి నెలల కిందటి నుండే గుండెజబ్బు లక్షణాలు ఉన్నట్టు పాత తేదీలు వేసి కంప్యూటరులో రాసేవాడు. తెర మీద తేదీ పాతదే కనిపించేది గానీ, ఆ మాట నిజంగా ఎప్పుడు రాశారో లోపల కంప్యూటరు గడియారం నమోదు చేసి పెట్టింది. విచారణలో అది గట్టి సాక్ష్యమైంది. అది చదివిన నాటి నుండి నేను రాసే ఏ ప్రోగ్రాములోనూ, చీటీలోని ఒక్క అక్షరాన్ని కూడా పూర్తిగా చెరిపే అవకాశం ఇవ్వలేదు. దిద్దవచ్చు, కొట్టివేయవచ్చు, కానీ పాత మాట కొట్టివేతతో అలాగే ఉంటుంది, ఎవరు ఏ తేదీన ఏ సమయంలో దిద్దారో పక్కన ఉంటుంది. కొందరు డాక్టర్లకు ఇది అవమానంగా తోచింది. వారికి నాయనమ్మ కార్డు చూపిస్తాను: అందులో కూడా తప్పు పడిన చోట ఒక గీతే ఉంది, గీత కింద పాత మాట చదవడానికి వీలుగానే ఉంది.

డెన్మార్క్ దారి వేరు, నా దృష్టిలో అన్నింటికన్నా తెలివైనది. 1968 నుండి అక్కడ ప్రతి మనిషికీ పది అంకెల పౌర సంఖ్య ఉంది, దాదాపు ప్రతి మనిషికీ ఒక కుటుంబ వైద్యుడు ఉన్నాడు. కానీ దేశమంతా ఒకే సాఫ్ట్‌వేరు వాడాలని అక్కడ పట్టుబట్టలేదు. 1994లో మెడ్‌కామ్ అనే సంస్థను ఏర్పరచి, ఉత్తరాల రూపాన్ని మాత్రం ఖాయం చేశారు. ల్యాబు రిపోర్టు ఇలా ఉండాలి, మందుల చీటీ ఇలా ఉండాలి, పెద్దాసుపత్రికి పంపే సిఫారసు ఇలా ఉండాలి, అక్కడినుండి డిశ్చార్జి అయినప్పుడు కుటుంబ వైద్యుడికి వచ్చే ఉత్తరం ఇలా ఉండాలి అని కూర్చుని తేల్చుకున్నారు. ఎవరి కంప్యూటరులో ఏ ప్రోగ్రాము ఉన్నా ఆ ఉత్తరం రాగలదు, పోగలదు. 2003లో ప్రజలందరికీ ఒక వెబ్‌సైటు వచ్చింది. అందులో రోగి తన పరీక్షలనూ మందులనూ తానే చూసుకోగలడు. ఈ పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఆ డిశ్చార్జి ఉత్తరం. మన దగ్గర ఒక మనిషి హైదరాబాదులోనో బెంగళూరులోనో గుండె ఆపరేషను చేయించుకుని ఊరికి తిరిగి వస్తే, అతన్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్న డాక్టరుకు ఆ సంగతి తెలిసేది రోగి కోడలు మరిచిపోకుండా ఫైలు తెస్తేనే.

నెదర్లాండ్స్‌లో డాక్టర్ల రికార్డులన్నింటినీ దేశవ్యాప్తంగా కలిపే బిల్లును 2011లో అక్కడి ఎగువసభ తిరస్కరించింది. రోగి గోప్యతకు తగిన భద్రత లేదన్నది అభ్యంతరం. ఆ తరువాత అదే ఏర్పాటు, రోగి స్వయంగా ఒప్పుకుంటేనే అతని వివరాలు పంచుకోవాలన్న నియమంతో కొనసాగింది. ఆస్ట్రేలియా ఇందుకు భిన్నంగా, వద్దని చెప్పనివాళ్లందరికీ జాతీయ రికార్డు తెరిచింది. 2019 జనవరి చివరికి గడువు ముగిసేలోగా దాదాపు 25 లక్షల మంది వద్దన్నారు. ఆ దేశపు కుటుంబ వైద్యులను కంప్యూటరు వైపు తిప్పినది మాత్రం ప్రభుత్వం కన్నా ముందు బండబర్గ్ అనే ఊరి డాక్టరు ఫ్రాంక్ పైఫించ్ రాసిన మెడికల్ డైరెక్టర్ అనే ప్రోగ్రాము. మందుల చీటీని చేత్తో రాయకుండా అచ్చువేసి ఇవ్వడం, వాడే మందులనే మళ్లీ రాయవలసి వచ్చినప్పుడు ఒక్క నొక్కుతో పని కావడం, ఒక మందుకు మరొకటి పొసగకపోతే హెచ్చరిక రావడం, ఇంతే దాని ఆకర్షణ. డాక్టరు చేతి కష్టాన్ని తగ్గించింది కనుక డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ ప్రోగ్రాములో చాలాకాలం మందుల కంపెనీల ప్రకటనలు కూడా కనిపించేవి. చీటీ రాస్తున్న తెర మీదనే మందు ప్రకటన ఉండటం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు, నా దగ్గరకు అలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు ఒప్పుకోలేదు.

మన కర్నూలు మునిగిన 2009లోనే, ఫిబ్రవరిలో, అమెరికా ఒక చట్టం చేసి, ఎలక్ట్రానిక్ రికార్డులు వాడే డాక్టర్లకు వేల డాలర్ల ప్రోత్సాహకాలు ప్రకటించింది. కొన్నేళ్లలోనే దేశమంతటా కంప్యూటర్లు డాక్టరు గదిలోకి వచ్చాయి. కానీ అక్కడ ప్రతి పరీక్షకూ ప్రతి మాటకూ బీమా కంపెనీకి లెక్క చెప్పాలి కనుక, ఆ ప్రోగ్రాముల ఎముకలన్నీ బిల్లుతో చేసినవే. 2017లో వెలువడిన ఒక అధ్యయనం విస్కాన్సిన్ రాష్ట్రంలోని కుటుంబ వైద్యుల రోజును కొలిచింది: 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు కంప్యూటరు రికార్డుతోనే గడుస్తున్నాయి, అందులో 1.4 గంటలు క్లినిక్కు మూసిన తరువాత. భార్యాపిల్లలతో భోంచేసి, వాళ్లు పడుకున్నాక, ఆ రోజు చూసిన రోగుల వివరాలు టైపు చేసుకునే డాక్టరును ఊహించుకోండి.

ఆ దేశపు వైద్య పత్రిక ఒకటి 2012లో ఒక బొమ్మ ప్రచురించింది. ఏడేళ్ల పాప, డాక్టరు దగ్గరకు వెళ్లివచ్చి, రంగు క్రేయాన్లతో వేసిన బొమ్మ అది. పరీక్ష బల్ల మీద పాప కూర్చుని ఉంది, పక్కన కుర్చీలో అక్క, చంటిపిల్లను ఎత్తుకున్న అమ్మ. గదికి ఇంకో మూలన డాక్టరు, వీళ్లందరికీ వీపు పెట్టి, కంప్యూటరు మీద చేతులు ఆనించి. పాప ఫిర్యాదు చేయలేదు, చూసినది చూసినట్టు వేసింది. కొత్త క్లినిక్కులో పని మొదలుపెట్టే ముందు నేను ఆ బొమ్మను డాక్టరుకు చూపిస్తాను. తెర ఎటు తిరిగి ఉండాలో, కుర్చీ ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, ఆ తరువాతే మిగతా పని. డబ్బు ఇచ్చి కంప్యూటరును డాక్టరు బల్ల మీద పెట్టించవచ్చు గానీ, అది ఎవరి పని చేస్తుందో చూసుకోకపోతే కౌంటరే లోపలి గదిలోకి నడిచి వచ్చినట్టు అవుతుందని అమెరికాను చూస్తే అర్థమవుతుంది. అదే అమెరికాలో 2021 నుండి డాక్టరు రోగి గురించి రాసిన మాటలను ఆలస్యం లేకుండా చదువుకునే హక్కు ఆ రోగికి చట్టప్రకారం దక్కింది. అది మాత్రం మనం కూడా నేర్చుకోవలసినది.

మనకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఐరోపాలోనూ అమెరికాలోనూ కాదు, కెన్యాలో ఉంది. ఎల్డొరెట్ పట్టణంలోని మోయ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం కలిసి 2001లో మోసోరియోట్ అనే గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో కంప్యూటరు రికార్డు మొదలుపెట్టాయి. ఆ అనుభవం నుండి 2004లో ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రోగ్రాము పుట్టింది. ఆ కేంద్రాలలో డాక్టరు టైపు చేయలేదు. ముందే అచ్చువేసిన ఫారం మీద పెన్నుతో రాసేవాడు. గుమస్తా ఒకరు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించేవారు. మళ్లీ ఆ రోగి వచ్చిన రోజు అతని చరిత్ర అంతా ఒక్క పేజీలో అచ్చువేసి డాక్టరు ముందు పెట్టేవారు. ఆ పేజీ అడుగున "ఈ పరీక్ష గడువు దాటింది" అన్న గుర్తుచేయింపు కూడా ఉండేది, దాన్ని చూసి డాక్టర్లు ఆ పరీక్షలు ఎక్కువగా రాశారు. ఇది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. కట్ట తెచ్చి ముందుపెట్టే కంపౌండరు ఆ ఏర్పాటులో ఉన్నాడు. మన దేశంలోనే ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీ గ్రామంలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల కోసం తయారైన బాహ్మ్నీ అనే ప్రోగ్రాము కూడా ఈ ఓపెన్‌ఎంఆర్‌ఎస్ పునాది మీద కట్టినదే. దానిని ఇప్పుడు ఇతర దేశాల ఆసుపత్రులు కూడా వాడుతున్నాయి.

మన రాష్ట్రంలో వైద్యానికీ కంప్యూటరుకూ ముడి గట్టిగా పడినది 2007లో, ఆరోగ్యశ్రీతో. ఆ పథకం మొదటి విడత అమలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర కార్డు చూపితే, ఆపరేషనుకు అనుమతి కంప్యూటరులోనే రావడం అప్పట్లో పల్లె జనానికి ఎంతో పెద్ద ఊరట. ఎన్నో కుటుంబాలు అప్పుల పాలు కాకుండా నిలబడ్డాయి. కానీ ఆ కంప్యూటరుకు తెలిసినది ఆపరేషను. దానికి ముందు పదేళ్లు, తరువాత పదేళ్లు ఆ మనిషి రోజూ మింగే బీపీ మాత్ర దానికి తెలియదు. 2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించి, 14 అంకెల ఆభా అనే ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తోంది. ప్రభుత్వాసుపత్రుల్లో క్యూఆర్ కోడు స్కాను చేసి ఓపీ చీటీ తీసుకోవడం దానివల్ల సులువైంది, తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలబడే ముసలివాళ్లకు అది చిన్న మేలు కాదు. అయినా అది మళ్లీ కౌంటరు పనే. చీటీ దొరికిన తరువాత గదిలో డాక్టరు రాసిన మాట ఆ సంఖ్య వెంట చేరడమే అసలు సంగతి, ఆ పని ఇంకా చాలా చోట్ల మొదలు కావలసే ఉంది.

2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతోనే ఒక కార్యక్రమం వచ్చింది: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు తన పరిధిలోని గ్రామానికి వెళ్లి, అక్కడి విలేజ్ క్లినిక్కులో కూర్చుని రోగులను చూడాలి. ఒక ఊరిని ఒక డాక్టరుకు అప్పగించడమన్న ఆలోచన బ్రిటన్ కవరుకూ, డెన్మార్క్‌లోని కుటుంబ వైద్యుడి ఏర్పాటుకూ దగ్గరి చుట్టం. 2019 నుండి ఉన్న ఈ-సంజీవని ద్వారా గ్రామం నుండే వీడియోలో డాక్టరుతో మాట్లాడవచ్చు, మన రాష్ట్రం దాన్ని బాగా వాడుకుంది. కానీ ఆ తెర మీద ఈ రోజు కనిపించిన డాక్టరే రేపు కనిపించాలన్న నియమం లేదు. ప్రభుత్వాలు మారినప్పుడు పథకాల పేర్లు మారవచ్చు. ఊరికీ డాక్టరుకూ మధ్య ఆ ముడి ఒక్కటి ఊడకుండా ఉంటే చాలని నా కోరిక, ఎందుకంటే రోగి ఎవరివాడో తేలని చోట అతని రికార్డు కూడా ఎవరిదీ కాకుండా పోతుంది.

భాష సంగతి వేరే చెప్పాలి. కుటుంబ వైద్యుల ప్రపంచ సంస్థ 1987లో ప్రచురించిన ఐసీపీసీ అనే వర్గీకరణలో ఒక గొప్ప ఆలోచన ఉంది: డాక్టరు తేల్చిన జబ్బుతో పాటు, రోగి ఏ బాధతో వచ్చాడో దాన్ని రోగి వైపు నుండి కూడా నమోదు చేయాలి. నెదర్లాండ్స్ డాక్టర్లు దీన్ని రోజూ వాడుతారు. "కాళ్లలో తిమ్మిర్లు", "గుండెల్లో దడ", "కడుపులో తిప్పినట్టుండాది" అనే మాటల్లో ఎంత సమాచారం ఉందో మన డాక్టర్లకు తెలుసు, కానీ కాగితం మీదకు వచ్చేసరికి అది ఇంగ్లీషు జబ్బు పేరుగా మారిపోతుంది, ఆ పేరు తప్పయితే వెనక్కు వెళ్లి చూసుకోవడానికి రోగి మాట మిగలదు. మా నాన్న ఆ వర్గీకరణ పేరు కూడా వినలేదు. కార్డు పై మూలన తెలుగులో రోగి మాట రాయాలన్న నియమం డాక్టరుగారు పెట్టినది, ఎందుకని అడిగితే "రేపు నేను పొరబడితే దిద్దుకోవడానికి" అన్నారట.

పోయిన సంవత్సరం కర్నూలులోనే ఒక చిన్న క్లినిక్కుకు, బిల్లుతో కాకుండా చీటీతో మొదలయ్యే ప్రోగ్రాము రాసే అవకాశం వచ్చింది. ఆ డాక్టరమ్మ టైపు చేయరు. నర్సు బయట కూర్చుని, రోగి మాటను తెలుగులో ఎక్కిస్తుంది. బీపీ, షుగరు, బరువు వేస్తుంది. పాత చరిత్ర ఒక పేజీగా లోపలి తెర మీదకు వస్తుంది. డాక్టరమ్మ కాగితం మీద రాసినది నర్సు మళ్లీ ఎక్కిస్తుంది. పడని మందు ఎర్ర అక్షరాలలో కుడి అంచున ఉంటుంది. నాన్నకు ఇప్పుడు 78 ఏళ్లు. ఒకసారి వచ్చి చూడమని తీసుకువెళ్లాను. చాలాసేపు చూసి, "పేరు మీద వెతికితే వస్తుంది సరే. ఎవరింటోళ్లో కొడితే వస్తుందా?" అని అడిగారు. రాదన్నాను. ఆ రాత్రి కూర్చుని ఊరు, ఇంటిపేరు కలిపి వెతికే గడి చేర్చాను, దొరికిన కుటుంబమంతా ఒకే తెర మీద వరుసగా కనిపించేలా.

మరుసటి వారం నేను అక్కడ ఉండగానే గూడూరు నుండి ఒక పెద్దావిడ వచ్చింది. ఊరు, ఇంటిపేరు చెప్పగానే నలుగురి పేర్లు వచ్చాయి. డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పి, ఆమె పేరు కింద ఉన్న మందులను ఒక్కొక్కటిగా తెలుగులో చదివి వినిపించారు. మూడో మాత్ర దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "అది నాది గాదు తల్లీ, మా చెల్లెలిది. ఇద్దరం ఒకే దినం వచ్చింటిమి" అంది. నర్సు లోపలికి వచ్చి దాన్ని దిద్దింది. తెర మీద ఆ మాత్ర పేరు మీద ఒక గీత పడింది, పక్కన ఆ రోజు తేదీ, సమయం 11.42, కింద నర్సు టైపు చేసిన ఒక్క వాక్యం: "చెల్లెలిది, రోగి చెప్పారు." ఆవిడ ఆ గీతను వేలితో చూపిస్తూ అదేమిటని అడిగింది, డాక్టరమ్మ చెప్పారు, ఆవిడ తల ఊపి నాలుగో మాత్ర చదవమంది.